.38 స్పెషల్ రీలోడింగ్‌లో మసి: పౌడర్ డబ్బా మార్చే ముందు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది .357 మాగ్నమ్ రివాల్వర్. అందులో .38 స్పెషల్ తూటాలు ఇంట్లో రీలోడ్ చేసుకుని, అంటే కాల్చిన ఇత్తడి కేసుల్లో మళ్ళీ పౌడర్, బుల్లెట్ పెట్టుకుని కాలుస్తున్నారు. బుల్లెట్ 158 గ్రెయిన్లది (గ్రెయిన్ అంటే పౌండులో 7000వ వంతు), మైనం పూసిన సీసం. పౌడర్ యూనిక్ అనే రకం, రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన కనీస కొలత. యాభై రౌండ్లు కాల్చేసరికి చేతులు బొగ్గుల బస్తా మోసినట్టు అవుతున్నాయి. కేసుల మీద ఒక పక్కంతా మసి, బ్యారెల్‌లో సగం కాలిన రేకులు. రేంజ్‌లో మీ స్నేహితుడు "ఆ పాత చెత్త మానేసి టైట్‌గ్రూప్‌కు మారు" అని ఇంకో పౌడర్ పేరు చెప్పాడు. అన్నిటికంటే శుభ్రంగా కాలే పౌడర్ ఏది అని అడిగారు.

పదహారేళ్ళుగా టెక్సాస్‌లో నా గరాజ్‌లో రీలోడింగ్ చేస్తున్నాను. ఈ ప్రశ్న నేనూ అడిగాను, చాలామంది అడగగా విన్నాను. మీరు చెప్పిన లక్షణాలన్నీ చూస్తే డబ్బాలో ఉన్న పౌడర్ కంటే మీరు దాన్ని కాలుస్తున్న తీరు మీదే నాకు అనుమానం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మనం ముందు పౌడర్‌ని తిడతాం.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఇదంతా అమెరికాలో చట్టబద్ధంగా తుపాకీ ఉన్నవాళ్ళకే. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు కూడా ఒక హెచ్చరిక: హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, అవి లాయర్‌ని అడిగి తెలుసుకోండి. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు. ఫ్రెండ్ గరాజ్‌లో సరదాగా నాలుగు తూటాలు చేసి ఇంటికి తెచ్చుకున్నానని ఒకరు నాతో నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

ఇక అసలు విషయం. చిన్నప్పుడు ఇంట్లో పంపు స్టవ్ చూసే ఉంటారు. కిరసనాయిలు అదే, బర్నరూ అదే. గాలి సరిగ్గా కొట్టకపోతే మంట పచ్చగా లేచి గిన్నె అడుగంతా మసి పట్టేది. నాలుగుసార్లు పంపు కొడితే బుస్సుమని నీలం మంట. లోపల జరిగే రసాయనం వేరే అయినా మీ .38 కేసులో కథ దాదాపు అదే. స్మోక్‌లెస్ పౌడర్ కాలే వేగం చుట్టూ ఉన్న ఒత్తిడి మీద ఆధారపడుతుంది. ఒత్తిడి పెరిగితే వేగంగా కాలుతుంది, వేగంగా కాలితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 1884లో ఫ్రాన్స్‌లో మొదటి పనికొచ్చే స్మోక్‌లెస్ పౌడర్ తయారుచేసిన పాల్ వియే పేరుమీదే ఈ సంబంధానికి సూత్రం ఉంది. ప్రతి పౌడర్‌కీ హాయిగా పనిచేసే ఒక ఒత్తిడి పరిధి ఉంటుంది. దాని కిందకు పోతే బుల్లెట్ బ్యారెల్ దాటి వెళ్ళిపోయేసరికి పౌడర్ ఇంకా సగంలోనే ఉంటుంది. ఒత్తిడి పడిపోగానే మంట ఆరిపోతుంది. మీ బ్యారెల్‌లో కనిపించే రేకులు అవే.

ఇప్పుడు .38 స్పెషల్ సంగతి చూడండి. ఇది 1898లో పుట్టిన తూటా, బ్లాక్ పౌడర్ కోసం పుట్టింది. (తెలుగులో దీన్ని నల్లమందు అనబోయి ఆగాను. మన దగ్గర నల్లమందంటే పోలీసులు వేరే సెక్షన్ కింద వస్తారు.) బ్లాక్ పౌడర్ అంటే సుమారు 75 పాళ్ళు సూరేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. దీపావళి చిచ్చుబుడ్డిలో ఉండే సరుకే. ఇక్కడ బ్లాక్ పౌడర్ తుపాకులవాళ్ళు కాలుస్తుంటే ఆ వాసనకు నాకు మా ఊరి దీపావళి రాత్రి గుర్తొస్తుంది. అది ఎక్కువ జాగా పట్టే సరుకు కాబట్టి కేసు పెద్దదిగా చేశారు. స్మోక్‌లెస్ వచ్చాక ఆ పెద్ద గదిలో చిటికెడు పౌడర్ వేసి కాలుస్తున్నాం. పైగా ఈ తూటాకు సామీ (అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల సంఘం) ప్రమాణం ప్రకారం గరిష్ఠ ఒత్తిడే 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 9ఎంఎంకూ .357 మాగ్నమ్‌కూ అది 35,000. పెద్ద గది, తక్కువ ఒత్తిడి, దానికి తోడు మాన్యువల్‌లో కనీస కొలత. యూనిక్ అలా ఉంటే పూర్తిగా కాలదు.

అదే యూనిక్‌ను 9ఎంఎంలో మధ్యస్థ లోడ్‌తో (లోడ్ అంటే తూటాలో వేసే పౌడర్ కొలత) కాల్చి చూడండి, ఈ గోల సగానికి సగం తగ్గుతుంది. యూనిక్ నూరేళ్ళు దాటిన పౌడర్. రెండు దశాబ్దాల కిందటే మరింత శుభ్రంగా కాలేలా మార్చామని తయారీదారులు ప్రకటించారు కూడా. అయినా "యూనిక్ అంటే మసి" అన్న పేరు పోలేదు.

కేసు మీద ఒక పక్క మసి ఎందుకు పడుతుందో తెలిస్తే సగం వైద్యం అయినట్టే. పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ (తూటా కూర్చునే గది) గోడకు అతుక్కుని గ్యాస్‌ను వెనక్కి రానివ్వకూడదు. ఒత్తిడి చాలకపోతే కేసు పూర్తిగా ఉబ్బదు, ఆ సందులోంచి పొగ వెనక్కి పాకుతుంది. కాల్చిన కేసు చేతిలోకి తీసుకుని వెలుతురులో గుండ్రంగా తిప్పండి. మూతి దగ్గర చిన్న పొగచార ఉంటే అది మామూలే. మూతి నుంచి అడుగు దాకా ఒక పక్క నల్లటి పొడవాటి మరక ఉంటే కేసు చాంబర్‌ను మూయలేదని అర్థం. మీరు రెండోదే చెప్పారు.

కాబట్టి కొత్త డబ్బా కొనకుండా ముందు ఇవి చేయండి. మాన్యువల్‌లో మీ బుల్లెట్‌కు కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని ఉంటుంది కదా, ఆ రెండింటి మధ్యే ఉంటూ కనీసం నుంచి 0.1 గ్రెయిన్ చొప్పున పెంచుతూ ఐదేసి రౌండ్లు చేయండి. నా అంకెలు అడగకండి, నేను చెప్పను. మీ బుల్లెట్, మీ ప్రైమర్ (కేసు అడుగున పౌడర్‌ను అంటించే చిన్న మూత), మీ తుపాకీ వేరు. పౌడర్ కంపెనీ ప్రచురించిన డేటా ఒక్కటే లెక్క. రేంజ్‌లో బెంచి మీద తుపాకీ మూతి కిందుగా ఒక పాత తెల్ల దుప్పటి ముక్క పరవండి. ఒక్కో కొలతకు ఐదు కాల్చి దుప్పటి మీద ఎన్ని రేకులు పడ్డాయో చూడండి, కేసులు వరసగా పేర్చి పెట్టుకోండి. ఎక్కడో ఒకచోట రేకులు గబుక్కున తగ్గి కేసుల మీద మసి మూతి దగ్గరికి కుంచించుకుపోతుంది. నేను ఈ పరీక్ష చేసిన ప్రతిసారీ ఆ మలుపు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. మీ లోడ్ ఆ మలుపు మీదో, కాస్త పైనో ఉండాలి.

క్రింప్ కూడా చూడండి. కేసు అంచును బుల్లెట్ గాడిలోకి గట్టిగా వంచితే బుల్లెట్ ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలో ఒత్తిడి లేచి పౌడర్ అంటుకుంటుంది. ఈ వంపే క్రింప్. అది చాలకపోయినా, కేసు నోరు బుల్లెట్‌ను వదులుగా పట్టుకున్నా ఒత్తిడి లేవక మసి పడుతుంది. వేలితో నొక్కితే బుల్లెట్ లోపలికి జారుతోందంటే కాల్చడానికి వీల్లేదు, మసి మాట తర్వాత. తేలిక బుల్లెట్‌కంటే బరువు బుల్లెట్ ఇందుకే శుభ్రంగా కాలుతుంది. మీది 158 గ్రెయిన్లు కాబట్టి ఆ పేచీ లేదు.

మైనం మాట. సీసం బుల్లెట్ గాడుల్లో పూసిన ఆ మైనం కాలితే వచ్చే నీలం పొగకూ, చేతికి అంటే జిడ్డు మసికీ పౌడర్‌తో సంబంధం లేదు. అదే పౌడర్, అదే కొలతతో పాలిమర్ కోటింగ్ ఉన్న సీసం బుల్లెట్ ఒక యాభై కాల్చి చూడండి. (కోటింగ్ బుల్లెట్‌కు డేటా వేరుగా ఉంటే అది వాడండి.) చాలామంది "ఎంత శుభ్రమైన పౌడరో" అని సంబరపడేది నిజానికి బుల్లెట్ మార్చిన రోజే.

అయితే అన్ని పౌడర్లూ ఒకటేనా? కాదు. వాటి పుట్టుకలోనే తేడా ఉంది. బ్లాక్ పౌడర్ కాలితే దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది, పొగగా లేస్తుంది, బ్యారెల్‌కు అంటుకుంటుంది. ఆ అడుగు తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది కాబట్టి సబ్బు కలిపిన వేడినీళ్ళతో అదే రోజు కడగాలి. స్మోక్‌లెస్ పౌడర్‌కు మూలం నైట్రోసెల్యులోజ్, అది దాదాపు మొత్తం గ్యాస్ అయిపోతుంది. మరి మసి ఎక్కడిది? రేకులు నిల్వలో చెడిపోకుండా వేసే స్టెబిలైజర్, కొలిచేటప్పుడు అంటుకోకుండా పూసే గ్రాఫైట్, మూతి దగ్గర మెరుపు తగ్గించే పొటాషియం లవణాలు, నిదానంగా కాలడానికి పైన వేసే డిటరెంట్ పూత. వీటిలో డిటరెంట్‌ది పెద్ద పాత్ర. తక్కువ ఒత్తిడిలో ఆ పూత దగ్గరే మంట తడబడుతుంది. అందుకే నిదానంగా కాలే బాల్ పౌడర్లను (రేకులు కాకుండా గుండ్రటి గింజల్లా ఉండేవి) తేలిక లోడ్‌లో వాడితే మసి ఖాయం. హెచ్110 అనే నిదానం పౌడర్ అయితే మసితో ఆగదు. దాని కొలతను ఇష్టమొచ్చినట్టు తగ్గించవద్దని తయారీదారులే చెప్తారు, ఎందుకంటే సరిగ్గా అంటుకోక బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కోవచ్చు. దాని వెనకే ఇంకోటి కాల్చారో, తుపాకీ చీలిపోతుంది.

పౌడర్ మురికి మనుషుల ప్రాణం మీదకు తెచ్చిన సందర్భం ఒకటుంది, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఎం16 రైఫిల్. ఆ రైఫిల్‌ను డూపాంట్ వారి ఐఎంఆర్ 4475 అనే స్టిక్ పౌడర్‌తో (చిన్న కడ్డీల్లా ఉండేది) తయారుచేసి పరీక్షించారు. 1964లో సైన్యం డబ్ల్యూసీ 846 అనే బాల్ పౌడర్‌కు అనుమతిచ్చింది. బాల్ పౌడర్ తయారీలో ఆమ్లం విరగడానికి కాల్షియం కార్బొనేట్, అంటే మన సుద్ద, కలుపుతారు. ఆ బ్యాచుల్లో అది ఎక్కువై, రైఫిల్‌ను నడిపే గ్యాస్‌ను వెనక్కి తెచ్చే సన్నటి గొట్టంలో, అంటే గ్యాస్ ట్యూబులో, గడ్డకట్టింది. పైగా కొత్త పౌడర్‌తో రైఫిల్ కాల్చే వేగం పెరిగి భాగాల మీద భారం పడింది. ఈ తుపాకీకి తుడవడం అక్కర్లేదన్న ప్రచారం నడవడంతో సైనికులకు క్లీనింగ్ కిట్లు కూడా సరిగ్గా అందలేదు. చాంబర్‌కు క్రోమియం పూత లేదు, అక్కడి తేమకు తుప్పు. కాల్చిన కేసు బయటికి రాక ఇరుక్కున్న రైఫిళ్ళ పక్కన చనిపోయిన సైనికుల కథలు ఇళ్ళకు రాసిన ఉత్తరాల్లో బయటపడ్డాయి. 1967లో అమెరికా ప్రతినిధుల సభ తరఫున ఇకార్డ్ ఉపసంఘం విచారణ చేసింది. తర్వాత పౌడర్‌లో సుద్ద తగ్గించారు, చాంబర్‌కు క్రోమియం వేశారు, కదిలే భాగాల వేగాన్ని అదుపు చేసే బఫర్ మార్చారు, కిట్లు పంపారు. గ్యాస్‌తో నడిచే రైఫిల్‌లో పౌడర్ శుభ్రత అంత పెద్ద విషయం. మీ రివాల్వర్‌లో గ్యాస్ ట్యూబ్ లేదు కాబట్టి మసి మిమ్మల్ని చిరాకు పెడుతుందే తప్ప సాధారణంగా తుపాకీని ఆపదు.

సాధారణంగా అన్నాను. ఆపిన రోజు నాకు ఒకటుంది. ఒక క్లబ్ మ్యాచ్‌లో, తేలిక లోడ్, రేకుల పౌడర్. ఆరు ఖాళీ కేసులు బయటికి తోసి కొత్తవి వేసి సిలిండర్ మూద్దామంటే మూసుకోదు. బలంగా నెడితే మూసుకుంది గానీ ట్రిగ్గర్ కదలదు. చూస్తే ఖాళీ కేసులను బయటికి తోసే ఎజెక్టర్ కింద, నక్షత్రంలా ఉండే ఆ ముక్కకూ సిలిండర్‌కూ మధ్య ఒకే ఒక్క కాలని రేకు, ఆవగింజలో సగం కూడా లేదు. టూత్‌బ్రష్‌తో ఒక్క రాపు, సమస్య పోయింది. మ్యాచ్ కూడా పోయిందనుకోండి. అప్పటినుంచి కేసులు తోసేటప్పుడు మూతి ఆకాశం వైపు పెట్టి ఎజెక్టర్‌ను ఒక్క దెబ్బతో కొడతాను. రేకులు కిందకు రాలిపోతాయి, ఎజెక్టర్ కిందికి పోవు. జేబులో టూత్‌బ్రష్ కూడా ఉంటుంది.

ఇక మీ స్నేహితుడు చెప్పిన టైట్‌గ్రూప్. అబద్ధం చెప్పలేదు. తక్కువ ఒత్తిడిలోనూ బాగా అంటుకుంటుంది, కేసులో పౌడర్ ముందుకు ఒరిగినా వెనక్కి ఒరిగినా పెద్దగా పట్టించుకోదు. .38 లాంటి పెద్ద గదికి ఇది నిజంగా పెద్ద సుగుణం. నైట్రోగ్లిజరిన్ పాలు ఎక్కువ కాబట్టి వేడిగా కాలుతుంది. నాకు అది ఇష్టమే. కానీ కొత్తవాళ్ళకు చెప్పను, కారణం ఇదీ.

రీలోడింగ్ మొదలుపెట్టిన నాలుగో సంవత్సరమో ఎనిమిదో సంవత్సరమో గుర్తులేదు, ఒక రాత్రి టైట్‌గ్రూప్‌తో యాభై కేసుల బ్లాక్ పెట్టుకుని పౌడర్ వేస్తున్నాను. రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్. అక్కడ తెల్లవారింది కదా, కాఫీ తాగుతూ చేసింది. పది నిమిషాలు మాట్లాడి వచ్చి ఎక్కడ ఆపానో అనుకున్న చోటినుంచి మొదలుపెట్టాను, టార్చి వేసి కేసుల్లోకి చూడకుండానే బుల్లెట్లు దిగ్గొట్టాను. పడుకున్నాక అనుమానం. ఆ పౌడర్ రెండు చార్జీలు పడినా .38 కేసు నిండదు, పొంగదు, కంటికి ఆనదు. పొద్దున్నే లేచి సుత్తిలా ఉండే బుల్లెట్ పుల్లర్‌తో యాభైకి యాభై విప్పాను. ముప్పై రెండోదాంట్లో రెట్టింపు ఉంది. ఆ తూటా కాలిస్తే సిలిండర్ నిలిచేదో లేదో చూడాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. యూనిక్ లాంటి ఉబ్బిన పౌడర్‌తో రెట్టింపు పడితే కేసులో బాగా పైకి లేచి కంటికి కనిపిస్తుంది. నా లెక్కలో ఆ గుణం శుభ్రత కన్నా చాలా పైన ఉంటుంది. ఏ పౌడర్ వేసినా బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడండి. ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి.

సరే, పేర్లు చెప్పమన్నారు కాబట్టి .38 తేలిక లోడ్ల వరకే నా అనుభవం. నేను వాడినవాటిలో అన్నిటికంటే శుభ్రం ఫిన్లాండ్ నుంచి వచ్చే విహ్తావోరి ఎన్320. కాల్చాక గుడ్డతో తుడిస్తే గుడ్డ బూడిదరంగులో ఉంటుంది, నల్లగా కాదు. ఖరీదెక్కువ. అయినా పౌండుకు 7000 గ్రెయిన్లు. రౌండుకు నాలుగున్నర గ్రెయిన్లు పడినా పదిహేను వందల రౌండ్లకు పైగా వస్తాయి, తూటాకు తేలే తేడా పైసల్లోనే. దాని తర్వాత టైట్‌గ్రూప్. ఆ తర్వాత హెచ్‌పీ-38, మసి కాస్త ఉంటుంది గానీ కొలతకు నీళ్ళలా జారుతుంది. వించెస్టర్ 231 డబ్బా దొరికితే అదీ ఇదీ ఒకటే పౌడర్, పేరు మాత్రమే వేరు. బుల్స్‌ఐ యూనిక్ కంటే పాతది, మసి చేస్తుంది, తక్కువ లోడ్‌లో మాత్రం గురి తప్పదు. యూనిక్ ఈ వరసలో చివర ఉంటుంది, కానీ మధ్యస్థం దాటిన లోడ్‌లో ఇంత తేడా ఉండదు. రైఫిల్ వాళ్ళు సీఎఫ్ఈ 223 గురించి చెప్పే శుభ్రత వేరే. అది బ్యారెల్‌కు అంటే రాగి గురించి, మసి గురించి కాదు. మీకు అక్కర్లేదు.

మీ తుపాకీలో నిజంగా పట్టించుకోవాల్సిన మసి ఒకచోట ఉంది. .357 కేసు .38 కంటే మూడు మిల్లీమీటర్లకు పైగా పొడవు. మీరు .38 కాల్చిన ప్రతిసారీ చాంబర్ లోపల .38 కేసు మూతి ముగిసేచోట ఉంగరంలా మసి పేరుకుంటుంది. కొన్ని వందలు కాల్చాక .357 తూటా వేయబోతే చివర్లో ఆగిపోతుంది. బొటనవేలితో గట్టిగా నెట్టి కాల్చకండి, ఆ ఉంగరం కేసు మూతిని బిగించి పట్టుకుంటే ఒత్తిడి పెరుగుతుంది. ప్రతిసారీ ఇంటికొచ్చాక సాల్వెంట్ రాసి పది నిమిషాలు నాననిచ్చి చాంబర్ సైజు కంచు బ్రష్‌తో తిప్పితే వచ్చేస్తుంది. సిలిండర్ ముందు మొహం మీద నల్ల మచ్చల కోసం మాత్రం రాపిడి పేస్టులతో రుద్దకండి, తర్వాతి వారం మళ్ళీ వస్తాయి. నేను మానేశాను.

చేతుల నలుపు చూసి కంగారుపడ్డారు గానీ అందులో కంటికి కనిపించనిది ఒకటుంది, సీసం. మామూలు ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది, మీ బుల్లెట్ కూడా సీసమే. పౌడర్ ఎంత శుభ్రంగా కాలినా ఇది ఉంటుంది. రేంజ్‌లో ఏమీ తినకండి, వచ్చేముందు చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోండి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. కాల్చిన కేసులను పొడి టంబ్లర్‌లో (కేసులను తిప్పుతూ శుభ్రం చేసే యంత్రం) ఇంట్లో తిప్పితే ఆ దుమ్మంతా గాల్లోకి లేస్తుంది. నేను నీళ్ళ టంబ్లర్‌కు మారాను.

యూనిక్ డబ్బా పారేయకండి. దుప్పటి పరీక్ష చేసి, ఒక్కో కొలత నుంచి ఒక కేసు పక్కపక్కన పెట్టి ఫొటో పెట్టండి. క్రింప్ కూడా కనపడేలా, కాల్చని తూటా ఒకటి పక్కన ఉంచండి. వారాంతంలో చూసి చెప్తాను.